సగం మాత్రలు

నరసన్నపేట, జూన్ 4

ప్రియమైన బావకు,

నీ గదిలో ఎనిమిది మంది ఉంటారు, ఈ సంగతి ఫోన్లో వద్దన్నావు కాబట్టి ఉత్తరం. పొట్లంలో ఎప్పటిలా పదిహేను మాత్రలున్నాయి. నువ్వు శ్రీకాకుళం ఆసుపత్రి మందుల కేంద్రంలో పేరు రాయించుకోకపోయినా కౌన్సిలర్ కుసుమకుమారి గారు నీకూ కలిపే ఇస్తున్నారు. నీకు రోజు విడిచి రోజు చాలన్నారు. మానకు. మొదటి మొగుడు పోతూ నాకిచ్చిపోయిన హెచ్.ఐ.వి.ని నేను నీకు అంటించానన్న దిగులు అన్నం దగ్గర కూడా వదలదు. నువ్వు బాగుంటే చాలు.

నీ ఈశ్వరి

చెన్నై, జూన్ 19

ప్రియమైన ఈశ్వరికి,

మాత్రలు అందాయి. ఒంట్లో బాగానే ఉంది. మూడో అంతస్తు స్లాబు వేశాం. ఇకమీదట పంపకపోయినా పరవాలేదు. ఎండలో పొలానికి వెళ్లకు.

నీ త్రినాథ్

నరసన్నపేట, ఆగస్టు 11

ప్రియమైన బావకు,

రెండు నెలలుగా జ్వరం. నా రక్తంలో వైరస్ వేలల్లో ఉందట. అది ఎలా మారిందో చూడ్డానికి రక్తం దూరం పంపించారు, ఫలితం వచ్చింది. అది ఒంట్లో తన నకళ్లు తానే రాసుకుంటుందట, రాతలో తప్పులు దొర్లుతాయట. మందు నిండుగా ఉంటే ఆ రాతే సాగదు. సగమే ఉంటే సాగుతుంది, ఆ తప్పుల్లోంచి మందుకు లొంగనిది ఒకటి పుడుతుంది. నాలో ఇప్పుడున్నది అదే.

"పాతదానికన్నా నీరసంగానే పెరుగుతాది గానీ ఆగదమ్మా. మాత్రలు ఎన్నాళ్లగా తప్పిస్తన్నావు, నిజం సెప్పు" అన్నారు కుసుమకుమారి గారు.

నీకు కలిపి ఎవరూ ఇవ్వలేదు బావా. పద్నాలుగు నెలలుగా నాకు నెలకిచ్చే ముప్ఫైలోంచే సగం పంపాను. ఆ మాట ఆవిడకు చెప్పినప్పుడు ఏడుపు కూడా రాలేదు, గోడ మీద క్యాలెండరు చూస్తూ కూర్చున్నాను. నువ్వూ సగమే మింగావు కాబట్టి నీలోనిదీ మారే ఉంటుంది. నాకు వేరే మందులు రాశారు. అవీ పనిచెయ్యకపోతే ఆ తర్వాత మిగిలేవి తక్కువట. నువ్వు వెంటనే వచ్చి పరీక్ష చేయించుకో. కోప్పడకు.

నీ ఈశ్వరి

చెన్నై, ఆగస్టు 20

ఈశ్వరీ,

నాకు లేదు. ఎప్పుడూ లేదు. ఇక్కడ మూడుసార్లు పరీక్ష చేయించుకున్నాను. నీ రక్తపరీక్ష కాగితం వచ్చిన రోజు నువ్వు నూతి గట్టు మీద కూర్చుని ఎంత పిలిచినా లేవలేదు. ఏమైపోతావోనని భయపడి "నాకూ ఉన్నాది, ఏడవకు" అనేశాను. తర్వాత నిజం చెప్పడానికి నోరు రాలేదు. కేంద్రానికి రాననడం అందుకే. ఆ మాత్రలు వాళ్లు నాకని ఇచ్చినవే అనుకున్నాను. ఒక్కటీ మింగలేదు, పారెయ్యనూ లేదు. అన్నీ బిస్కెట్ల డబ్బాలో ఉన్నాయి. పట్టుకుని వస్తున్నాను.

త్రినాథ్

నరసన్నపేట, ఆగస్టు 27

బావా,

నీ ఉత్తరం రెండుసార్లు చదివి, లేచి అన్నం వార్చాను. నీకు అంటలేదు. ఇన్నాళ్లూ దేవుణ్ణి అడిగింది అదొక్కటే. సంతోషం రావాలి, ఇంకా రాలేదు. కోపమూ రాలేదు. నువ్వు రా. ఆ డబ్బా మాత్రం తేవద్దు, అవి నాకిక పనిచెయ్యవు.

కొత్త మాత్రలు తెచ్చుకున్న రోజు చెయ్యి దానంతటదే సగం పక్కకు తీసి పొట్లం కట్టేసింది. ఇవాళ ఆ పొట్లం విప్పి మళ్లీ సీసాలో పోశాను.

ఈశ్వరి