‘రాలేదు’కు ఇంగ్లీషు

1946, జూలై 1, సోమవారం
వాన. మోకాళ్లు. ఈ రెండింటికీ నాకు తెలియని ఒప్పందం ఏదో ఉంది.
కోడలు సుగుణ మళ్లీ ‘డిడ్ నాట్ వెంట్’ అన్నది. డిడ్ భూతకాలాన్ని మోస్తూనే ఉంది కదా, వెనక వెంట్ కూడా ఎందుకు మోయడం? “ఒక్క బస్తకు ఇద్దరు హమాలీలెందుకే?” అన్నాను. నవ్వలేదు. వచ్చే మంగళవారం మిషన్ దవాఖానలో దొరసాని ముందు నిలబడాలి. నర్సు పని. ప్రశ్నలన్నీ ఇంగ్లీషులోనే. నా చూపు సగం పోయింది, దానితోపాటు నా బడి కొలువూ పోయింది. ఈ పని రాకపోతే ఆమె, నేను, మనవరాలు చిట్టి — ముగ్గురం కూర్చుని వ్యాకరణం తినాలి.

జూలై 3
ఈరోజు ‘ఎడ్’. వాక్ — వాక్ట్. లాఫ్ — లాఫ్ట్.
“రాసేటప్పుడు డ అంటవ్, పలికేటప్పుడు ట అంటవ్. గా డ ఎటు వాయె అత్తమ్మా?”
తెల్లవాళ్లు రాసింది పలకరు, పలికింది రాయరు. దేశాన్ని కూడా అట్లాగే ఏలుతున్నారు.
చిట్టి ఇల్లంతా గెంతుతోంది — “తింటెడ్, పంటెడ్, ఉరుకుడెడ్.” తల్లికంటే ముందు దీనికే వచ్చేట్టుంది.

జూలై 4
పక్కింటి ఎల్లవ్వ చింతపండు అడగడానికి వచ్చింది. “యుద్ధంల పోయిండు గద నీ కొడుకు...”
“మా దావీదు యుద్ధానికి పోయిండు” అన్నాను.
నాలుక కరుచుకుని చింతపండు మరిచి పోయింది. మన భాషలో ఊరికి పోయినా పోయిండే, ప్రాణం పోయినా పోయిండే. ఇంగ్లీషు ‘వెంట్’కు ఆ దోషం లేదు. లేచాడు, బూట్లు తొడుక్కున్నాడు, నడిచాడు — అంతే. మర్యాద గల మాట.

జూలై 6
దొరసాని అడగబోయేవన్నీ నేనే అడుగుతున్నాను. నీ పెనిమిటి ఎక్కడ?
“హీ వెంట్ టు ది వార్.”
బాగుంది. తర్వాత?
“హీ డిడ్ నాట్ కమ్.”
డిడ్ ఉంది. కమ్ బోసిగా ఉంది. ఇన్నాళ్లు గొంతు చించుకున్నది ఇందుకే. అయినా తప్పన్నాను.
“హ్యాజ్ నాట్ కమ్ అనాలె.”
“గదైనా గిదైనా రాలేదనే గద అత్తమ్మా?”
అవును, మనకు ఒక్కటే మాట. వాళ్లకు రెండు. హ్యాజ్ నాట్ అంటే ఇంకా తలుపు తీసే ఉందని. డిడ్ నాట్ అంటే గడియ పెట్టేశారని. చెప్పాను... ఎందుకు చెప్పానో.
సుగుణ చేటలో బియ్యం ఏరుతూనే ఉంది. ఒక రాయి తీసి పారేసి —
“యుద్ధం బందయ్యి ఏడాది కావస్తుంది. గడియ ఎవలు పెట్టాలె? నువ్వా, నేనా?”
అది నా పాఠంలో లేదు.

జూలై 7, ఆదివారం
గుడిలో పాస్టరుగారి ప్రార్థన. అంతా భవిష్యత్కాలమే. వినడానికి హాయిగా ఉంది. లేచి నిలబడడానికే కష్టమైంది.

జూలై 9
తెల్లవారగానే బస్సుకు వెళ్లింది. నా నీలం అంచు చీర కట్టుకుని. పగలంతా చిట్టికి తల దువ్వాను, విప్పాను, మళ్లీ దువ్వాను.
పొద్దుగూకే వేళకు వచ్చింది. కాళ్లు కడుక్కుంటూ —
“తీసుకుంటమన్నది. సోమారం రమ్మన్నది. గాడనే ఉండాలెనట.”
“దావీదు సంగతి అడిగిందా?”
“అడిగింది.”
“ఏమన్నవ్?”
చెంబు కింద పెట్టింది. “డిడ్ నాట్ కమ్ అన్న. ఇంగ్లీష్ మంచిగ మాట్లాడుతున్నవ్, ఎవలు నేర్పిన్రు అన్నది. మా అత్తమ్మ అని చెప్పిన.”
“తప్పా అత్తమ్మా?”
“తప్పేముంది? సరిగ్గనే ఉన్నది.”
పంతులమ్మ చెప్పిన జవాబు అది. దావీదు తల్లిని ఎవరూ అడగలేదు, మంచిదే.

జూలై 11
రాయబుద్ధి కావడం లేదు. భూతకాలంలో అసలే కాదు.

జూలై 14, ఆదివారం
రేపు పోతుంది. చిట్టి నా దగ్గరే. బట్టలు పెట్టుకోవడానికి ఇంట్లో ఉన్నది ఒక్కటే ట్రంకు పెట్టె — వాడిది. అటక మీదనుంచి దించాం. సుగుణ దుమ్ము తుడుస్తోంది, మూత మీద వాడి పేరు చుట్టూ తుడుస్తోంది, పేరు మీద తుడవడం లేదు.
ఆడుకోవడానికి పోయిన చిట్టి అప్పుడే లోపలికి ఉరికొచ్చింది. పెట్టెను చూసింది.
“నాయినమ్మా! బాపు వచ్చిండా?”
సుగుణ చేతిలో గుడ్డ ఆగింది. తల ఎత్తి నావైపే చూస్తోంది.
“రాలేదు బిడ్డా.”
తెలుగులోనే అన్నాను. అది ఏ రాలేదో సుగుణ అడగలేదు.