ప్రతిపాదించినవాడే లేవాలి

ఫిబ్రవరి 6

ప్రియమైన అక్కా,

నీ మోకాళ్లు ఎలా ఉన్నాయి? కుట్టుమిషన్ తొక్కడం మానేశానంటావు, నువ్వు మానవని నాకు తెలుసు. నేను బాగానే ఉన్నాను. దగ్గు ఒక్కటే పట్టుకుని వదలడం లేదు.

వచ్చే నెల ఇరవయ్యో తారీఖున మన పార్టీ చివరి మహాసభ. పెద్ద పార్టీలో కలిసిపోవాలని తీర్మానం పెడుతున్నాం. మిల్లు సమ్మె ఆపమని వాళ్లంటే, ఆపేది లేదని ఏ పార్టీలోంచి విసురుగా బయటికొచ్చామో, నలభై నాలుగేళ్ల తర్వాత మళ్లీ అదే గుమ్మం తొక్కుతున్నాం. నవ్వుకో, పర్లేదు. నేనూ ఒక్కణ్నే కూర్చుని నవ్వుకున్నాను, ఆ తర్వాత ఏడుపొచ్చింది. ఏం చేయమంటావు, మిగిలింది నూట ఇరవై మందిమి. అందులో సగం మందికి చూపు ఆనదు.

పోయేముందు చరిత్ర రాసిపెట్టమని కమిటీ నా నెత్తిన పెట్టింది. ఇరవై రెండేళ్లు కార్యదర్శిగా ఉన్నవాణ్ని, తప్పించుకోలేకపోయాను. అరవై పేజీలయింది. నకలు దీంతో పంపుతున్నాను. నీ కుట్టు షాపు వెనక గదిలో పదకొండు మంది కూర్చుని పార్టీ పెట్టడం, జెండాకి గుడ్డ చాలక నువ్వు కోటు లైనింగు ముక్క అతకడం, అన్నీ రాశాను. ‘ఒక్క బస్సు పార్టీ’ అని ఊరంతా వెక్కిరించేది గుర్తుందా? నిజానికి ఆ బస్సులో సీట్లు కూడా మిగిలేవి. తప్పులుంటే దిద్ది పంపు.

నీ తమ్ముడు

ఫిబ్రవరి 19

ఒరేయ్ తమ్ముడూ,

పదకొండు కాదు, పన్నెండు. ఆ రోజు మీ అందరికీ టీ కాచి పోసి, మీరు చెయ్యెత్తినప్పుడల్లా నేనూ ఎత్తాను. టీ ఇచ్చింది కదా అని లెక్కలోంచి తీసేశావా? దిద్దు.

మిగతాది బాగా రాశావు. మిల్లు గేటు ముందు నలభై రోజులు కూర్చోవడం, రెండు సీట్లు గెలిచినప్పటి ఊరేగింపు చదువుతుంటే కళ్ల ముందు కదిలాయి. ముప్పై ఏడో పేజీ దగ్గర మాత్రం ఆగిపోయాను. “పార్టీని నిషేధించిన కాలంలో ఒక ద్రోహి ఇచ్చిన సమాచారంతో పోలీసులు రహస్య ప్రెస్సు మీద పడ్డారు. ఆ ప్రెస్సు నడిపే మెషిన్ తాత జైల్లోనే కన్నుమూశాడు.” పేరు రాయలేదు. నా మీద దయ తలిచావన్నమాట! ఆ ద్రోహి నా మొగుడని తెలియనివాడు మీలో ఎవడున్నాడురా?

కరపత్రాల కట్టతో వర్క్‌షాపు గేటు దగ్గర పట్టుబడింది మీ బావ. తన్నులు తిన్నది మీ బావ. ముప్పై ఒక్క ఏళ్ల కిందట ఆయన్నే బహిష్కరించారు. ఆ తర్వాత పదిహేడేళ్లు లేత్ మీద పనిచేశాడు, ఒక్కడంటే ఒక్కడు పక్కన కూర్చుని అన్నం డబ్బా విప్పలేదు. ఆరేళ్ల కిందట ఆయన పోతే జెండా కప్పడానికి ఎవరూ రాలేదు. నువ్వొచ్చావు. గుమ్మం బయటే నిలబడి వెళ్లిపోయావు.

మన పద్ధతి నువ్వే పన్నెండో పేజీలో గొప్పగా రాశావు. ఏ తీర్మానాన్నయినా ప్రతిపాదించినవాడే మహాసభలో లేచి, కారణం చెప్పి వెనక్కి తీసుకోవాలి, ఇంకొకరు ముట్టుకోకూడదు అని. పెద్ద పార్టీలో పైవాళ్లు మన తీర్మానాలు మింగేస్తున్నారనే కదా అలా పెట్టుకున్నాం. మీ బావని బహిష్కరించాలని ప్రతిపాదించింది నువ్వు. ఇరవయ్యో తారీఖు దాటితే ఆ పార్టీ ఉండదు, ఆ సభా ఉండదు. ఆయన ఎప్పటికీ ద్రోహిగానే మిగిలిపోతాడు. లేచి వెనక్కి తీసుకో. ఇంతవరకు నిన్ను ఏదీ అడగలేదు.

మీ అక్క

మార్చి 1

ప్రియమైన అక్కా,

పన్నెండు అని దిద్దాను. క్షమించు.

రెండో సంగతి నువ్వనుకున్నంత తేలిక కాదు. కారణం చెప్పకుండా వెనక్కి తీసుకోవడం కుదరదు. ప్రెస్సు చిరునామా పోలీసులకి ఎవరో చెప్పారు. బావతో పాటు పట్టుబడినవాళ్లని నెలల తరబడి లోపలుంచి, బావని అయిదో రోజునే ఎందుకు వదిలేశారని అప్పుడు అందరూ అడిగారు. దానికి బావ నోరు విప్పలేదు. నేనేం చేయను? బావ మీద నాకు ద్వేషం లేదని నీకు తెలుసు. విలీనం ముందు పాత గొడవలు పైకి తీస్తే సభ చీలిపోతుంది. నన్ను ఇరకాటంలో పెట్టకు.

నీ తమ్ముడు

మార్చి 7

తమ్ముడూ,

కారణం కావాలా? రాసుకో. కుడి చెయ్యి చితకగొడితే చీము పట్టి భుజం దాకా వాచింది. లాకప్పులో పోతాడేమోనని భయపడి వాళ్లే బయటికి తోశారు. రెండు నెలలు రోజూ నేనే కట్టు కట్టాను. నువ్వూ చూశావు. మా మంచం మీద కూర్చుని కాఫీ తాగి, “బావా, చెయ్యి జాగ్రత్త” అని చెప్పి వెళ్లి, ఆ మరుసటి వారమే తీర్మానం పెట్టావు.

ఈ కారణం చాలు. ఇంతకంటే పెద్దది నీకు తెలిస్తే అదే చెప్పు. మోకాళ్లు సహకరిస్తే నేనే వచ్చి ఎదురుగా కూర్చునేదాన్ని. రాలేను కాబట్టి ఉత్తరం కోసం చూస్తుంటాను.

అక్క

మార్చి 21

అక్కా,

నిన్న లేచాను.

విలీనం కంటే ముందు నా విషయం పెట్టమని అధ్యక్షుణ్ని అడిగాను. నువ్వు రాసిన కారణమే చదివాను. చెయ్యి, చీము, కట్టు. సభ మెత్తబడింది. కొందరు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. “ఒప్పుకునేవాళ్లు చెయ్యెత్తండి” అని అధ్యక్షుడు అనబోతున్నాడు. ఇంకొక్క నిమిషమైతే గండం గట్టెక్కేవాణ్ని.

అప్పుడు వెనక వరసలోంచి టీచరమ్మ లేచింది. కొత్తగా చేరినవాళ్లలో ఆవిడొక్కతే చురుకైన మనిషి. “ఆయన కాకపోతే మరి పోలీసులకి ఎవరు చెప్పారండీ?” అంది. ఎవరో, “చిరునామా తెలిసినవాళ్లు నలుగురేగా. మెషిన్ తాతే దెబ్బలకి తట్టుకోలేక చెప్పుంటాడు పాపం” అన్నారు. అందరూ తలలూపారు అక్కా. జైల్లో నెత్తురు కక్కుకుని పోయిన ముసలాయన మీదికి తోసేసి, తలలూపుకుంటూ కూర్చున్నారు.

ఎవరూ చెప్పలేదు అన్నాను. ఆ చిరునామా నేనే అచ్చువేసి పంపాను అన్నాను.

పైకి అది లేబుళ్లు అచ్చేసే ప్రెస్సు. ఏది అచ్చేసినా అడుగున ప్రెస్సు పేరు, వీధి పేరు ఉండాలని చట్టం. పదేళ్లు అక్కడ అచ్చు అక్షరాలు కూర్చే కంపోజిటర్‌గా ఏది పేర్చినా ఆఖర్న ఆ వరుస పెట్టడం నా చేతికి అలవాటు. నిషేధంలో వేసిన కరపత్రానికి కూడా పెట్టేశాను. బుద్ధి ఎక్కడో ఉంది, చెయ్యి దాని పని అది చేసుకుపోయింది. మొదటి కట్ట బావ తీసుకెళ్లాక చూసుకున్నాను. ఆ వరుస పీకేసి మిగతావి వేశాను. మనవాళ్ల చేతికొచ్చినవన్నీ తర్వాతివే. మొదటి కట్ట గేటు దగ్గరే పోలీసులకి దొరికింది. మర్నాడు వాళ్లు ప్రెస్సుకి వచ్చినప్పుడు నేను సిరా కోసం బజారుకి వెళ్లాను. తాత ఒక్కడే ఉన్నాడు.

చెబుదామనే అనుకున్నాను. ఒక రోజు గడిచింది, వారం గడిచింది. ఈలోగా అందరూ బావ పేరు అనడం మొదలుపెట్టారు. ముందు నేను లేస్తే నన్నెవరూ అనుమానించరని లేచాను. అంతే అక్కా. ఇంతకంటే నీచంగా నాకు చెప్పడం రాదు.

చేతులన్నీ లేచాయి. ఉదయం పదకొండుంబావుకి బావ మళ్లీ పార్టీ సభ్యుడయ్యాడు. నన్ను బహిష్కరించమని అడిగాను. “గంటలో పార్టీయే ఉండదు, నిన్ను ఎక్కణ్నుంచి వెళ్లగొట్టమంటావు? కూర్చో” అన్నాడు అధ్యక్షుడు. కూర్చోలేక వరండాలోకి వచ్చేశాను. పన్నెండున్నరకి లోపల చప్పట్లు వినిపించాయి. మన పార్టీ అయిపోయింది.

ముప్పై ఏడో పేజీ మళ్లీ రాశాను, నా పేరుతో. నీకు ముఖం చూపించే అర్హత నాకు లేదు.

తమ్ముడు

మార్చి 29

తమ్ముడూ,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. అందులో నాకు తెలియనిది ఆ టీచరమ్మ సంగతి ఒక్కటే.

మీ బావకి స్టేషన్లో మొదటి రోజే తెలిసింది. ఆ కరపత్రం మొహాన కొట్టి, అడుగున ఉన్న వరుస ఆయన చేతే చదివించారట. పోయే ముందు నెలలో నాకు చెప్పాడు. “మరి సభలో ఎందుకు నోరు మూసుకున్నావయ్యా?” అని ఏడ్చాను. “నీ తమ్ముడు తనంతట తానే లేచి చెబుతాడని చూస్తూ కూర్చున్నానే. లేచాడు కూడా. అమ్మయ్య అనుకున్నాను. వాడు నోరు తెరిచి నా పేరు చెప్పాడు. ఇక ఆ తర్వాత నాకు మాట పెగల్లేదు” అన్నాడు.

“వాడంతట వాడు చెబితే తప్ప నువ్వు అడగొద్దు” అని నా చేత ఒట్టు వేయించుకున్నాడు. ఆరేళ్లు ఆగాను. నువ్వు చరిత్ర పంపితే ఇక ఆగలేక తీర్మానం మాట ఎత్తాను, తప్పు మాట ఎత్తలేదు. ఒట్టు నిలబెట్టుకున్నాననే అనుకుంటున్నాను.

నిన్ను క్షమించానని రాయమంటే చెయ్యి రావడం లేదురా. అబద్ధం రాయలేను. ఆదివారం రా. ఈసారి గుమ్మం బయట నిలబడకు, లోపలికి రా. భోజనం పెడతాను. మాట్లాడతానో లేదో ఇప్పుడే చెప్పలేను.

అక్క