అక్క పేరు రాయించొద్దన్నారు

శనివారం రాత్రి, వనపర్తి

ఈ రోజు నేను అధికారికంగా మానసిక రోగినయ్యాను. దవాఖాన చీటీ మీద నా పేరే ఉంది. నెలలుగా నిద్రపోనిది, అన్నం ముందు కూర్చుని ఏడ్చేది మాత్రం అక్క. సంబంధాలు చూస్తున్నాం కాబట్టి అక్క పేరు అక్కడ రాయించొద్దని అమ్మ షరతు. "నీకేంరా, నిన్ను ఎట్లైన అందరు పిచ్చోడనే అంటరు" అంది. త్యాగమూర్తిలా ఒప్పుకున్నాను.

అక్కను తోడు తెచ్చుకున్నట్టు లోపలికి వెళ్లాను. డాక్టరమ్మ నన్నే అడగసాగింది. నిద్ర పడుతుందా? "పడ్తలేదు మేడం" అన్నాను, గురకతో ఇల్లు లేపే నేను. ఆకలి? "అస్సలు లేదు." పొద్దున తిన్న బోండాలు కడుపులోంచి నన్ను నిలదీశాయి.

"బతకాలని లేదని ఎప్పుడైనా అనిపించిందా?"

నాకు నవ్వొచ్చింది. "గట్లాంటిదేం లేదు మేడం."

అక్క నా చెయ్యి పట్టుకుంది. "వాణ్ని కాదు మేడం, నన్నడగండి. వానికేం లేదు."

డాక్టరమ్మ చీటీ పక్కన పెట్టి, నన్ను బయట కూర్చోమంది. తలుపు మూసుకున్నాక కూడా ఆ నవ్వు మొహం మీదే ఉండిపోయింది. ఎలా తీసేయాలో తెలియలేదు.

ఇంటికి రాగానే అమ్మ మొదటి మాట: "పేరు బయటపడలే గదా?"

"పడ్డది. నేనే చెప్పిన. వచ్చే వారం గూడ పోత" అంది అక్క.

రోగిగా నా ఉద్యోగం ఒక్క పూటకే ఊడింది. బతకాలని లేదా అన్న ఆ ప్రశ్నకు లోపల అక్క ఏం జవాబు చెప్పిందో అడగాలి. అడ్డమైనవన్నీ అడిగే నోరు నాది. ఇది మాత్రం...