చీమల తలలు

జూన్ 4
అమ్మాయి వచ్చేసింది. ఒక చేతిలో బట్టల సంచి, ఇంకో చేతిలో చీమల డబ్బాలు. పెదవి చిట్లి ఉంది. ఏమైందే అంటే తలుపు తగిలిందంది. తలుపుకు వేళ్లుంటాయా, మెడ మీద అచ్చులు పడడానికి? అల్లుడు అది పనిచేసే ల్యాబ్‌కు కూడా వెళ్లి గొడవ చేశాడట. కొన్నాళ్లు ఇంట్లోనే పని చేసుకోమన్నారట. ఇక్కడికి మాత్రం రాడా? వీధి తలుపు గొళ్లెం ఊగుతోంది.

జూన్ 6
నోరు విప్పదు. పని గురించి అడిగితే మాత్రం చెబుతుంది. ఆవగింజలో సగం లేని ఈగ, చీమ ఒంట్లోకి ముల్లు దించి గుడ్డు పెడుతుందట. ఆ గుడ్డులోని పురుగు తలలోకి పాకి లోపలంతా తినేస్తే తల ఊడి పడుతుందట. ఏ జాతి ఈగో ఆడదాని ముల్లు చూసి చెప్పాలట. మగవన్నీ ఒకేలా ఉంటాయట. ఇద్దరం నవ్వలేదు.

జూన్ 7, మధ్యాహ్నం
డబ్బాలో ఒక్క ఈగ లేచింది. అన్ని చీమలూ ఎక్కడివక్కడ బిగుసుకుపోయాయి. వీధిలో బండి చప్పుడైతే అమ్మాయీ అంతే.

జూన్ 9
నా చేతులు విరగ! ఊడిన తలలే కదా అని డబ్బా ఊడ్చి చెత్తలో పోశాను. ఈగపిల్లలు ఆ తలల్లోనే పెరుగుతాయట. అమ్మాయి ఇల్లెగిరిపోయేలా అరిచింది. ముసలిదానా, నిన్నెవరు ముట్టుకోమన్నారే, అది కొత్త జాతేమో, నా కష్టమంతా బూడిదలో పోశావు కదే అంది. బుట్ట బోర్లించి ఇద్దరం ఏరాం. ఎన్నాళ్లకు విన్నాను దాని గొంతు! తిట్లే అయినా కడుపు నిండింది.

జూన్ 10
గొళ్లెం బిగించడానికి వడ్రంగి రాలేదు. రేపు, రేపు అంటాడు. తలుపుకు కుర్చీ అడ్డం పెట్టాను. గ్యాస్ కట్టేశానా లేదా?

జూన్ 12, సాయంత్రం ఆరు
ఒక్క తన్నుకే తలుపు ఊడింది. అల్లుడు అమ్మాయిని జుట్టు పట్టి ఈడ్చాడు. అడ్డం వెళితే, తప్పుకో ముసలిపీనుగా అని నన్ను గోడకేసి కొట్టాడు. పన్ను ఊడింది. అమ్మాయి బిగుసుకుపోయి చూస్తోంది. డబ్బాలు నేలకేసి కొట్టాడు, బూటుకాలితో తలలన్నీ నలిపాడు. అప్పుడు లేచింది గొంతు, మొన్న నన్ను తిట్టిన గొంతే. అవి నావిరా, ముట్టావంటే చంపుతా అంది. ఇనుప స్టూల్ ఎత్తి వాడి నెత్తి మీద వేసింది. పడ్డాక కూడా వేసింది. ఆపవే అని నేను అనలేదు. పక్కింటావిడ వచ్చి పట్టుకుంది, ఆవిడే అంబులెన్స్‌కు ఫోన్ చేసింది.

జూన్ 14
అల్లుడు బతికాడట. అమ్మాయి హమ్మయ్య అంది.
నేనూ అన్నాను, పైకి.