కళ్ళజోడు ఎవరిదంటే

ఓనరు గారికి, పై వాటాలో అద్దెకుంటున్నవాడు నమస్కరించి రాసుకునేది.

నిన్న మీరు కొత్త అగ్రిమెంటు తెచ్చినప్పుడు బల్ల మీద కళ్ళజోడు చూసి "ఎవరిదయ్యా ఇది?" అన్నారు. "నాదేనండి" అని గబుక్కున తగిలించుకున్నాను. దాంతో ఒక్క అక్షరం కనపడితే ఒట్టు. మీరు వేలు పెట్టిన చోటల్లా సంతకం చేసేశాను. ఇంట్లో ఉండేది నేనూ, మా ఆవిడా, ఇద్దరమేనన్న మాట కిందా చేశాను.

ఆ కళ్ళజోడు మా అమ్మది. అమ్మ చలికాలం నుంచీ మా దగ్గరే ఉంటోంది. నిన్న మీరున్నంతసేపూ బాత్రూంలో నిలబడే ఉంది. ముగ్గురయ్యామంటే ఖాళీ చేయమంటారేమోనని దాచాను. మొదట్లో నేనే "కాసేపు లోపలుండమ్మా" అని బతిమాలేవాణ్ణి. ఇప్పుడు బెల్లు మోగితే చాలు, చెప్పులు చేత పట్టుకుని తనే వెళ్ళిపోతోంది. మీరు మెట్లు దిగాక బయటికొచ్చి, "అన్నీ చదివే పెట్టావా నాన్నా సంతకం?" అంది. నాకు తల కొట్టేసినట్టయింది.

ఆ కాగితం చించేయండి. ముగ్గురని రాసి ఇంకోటి తెండి. కుదరదంటే ఖాళీ చేస్తాం. ఒక్కటే మనవి. వచ్చేటప్పుడు బెల్లు కొట్టకండి, గుమ్మంలోంచి "అక్కగారూ" అని పిలవండి. నేనెంత చెప్పినా, మీరు పిలిస్తే తప్ప అమ్మ బయటికి రాదు.