శనివారం మెంటలు

అనకాపల్లి

మా అమ్మలు పావనికి తాత బంగారయ్య దీవించి రాయునది.

నీ ఉత్తరం కూడబలుక్కుని చదివాను. శనివారం శనివారం మెంటలు దగ్గరికి వెళ్తున్నానని రాశావు. ఏటిది? కంప్యూటర్ ఉద్యోగమని పంపితే బెంగళూరు నీ బుర్ర పాడుచేసిందా? మీ నానమ్మ ఏడ్చి ఏడ్చి నూకాలమ్మ తల్లికి కోడిని మొక్కేసింది. ఫోనులో నాకు వినపడదు, వివరంగా రాయి. లేదంటే ఉద్యోగం మానేసి రైలెక్కు.

కోపంగా,
మీ తాత

•

ప్రియమైన తాతా,

మెంటలు కాదు, మెంటర్. తోవ చూపించే మనిషి.

మా టీములో నేనొక్కదాన్నే ఆడపిల్లని. నేను చెప్తే ఎవరూ వినరు. అదే మాట పక్కవాడు చెప్తే భేష్ అంటారు. విసుగొచ్చి రాజీనామా రాసి పెట్టుకున్నాను. వేరే కంపెనీలో పెద్ద ఇంజినీరు శాంతికుమారి అక్క ఆపింది. శనివారాలు వాళ్లింట్లో నాలాంటి ఆడపిల్లలం కలుస్తాం. ఒకరి పని ఒకరం చూసి తప్పులు చెప్పుకుంటాం, మీటింగులో ఎలా మాట్లాడాలో సాధన చేస్తాం. అదే లేకపోతే ఈపాటికి ఇంట్లో ఉండేదాన్ని.

నీ పావని

•

అమ్మలూ,

మెంటరో మెంటలో, నాకు నచ్చలేదు. నా మనవరాలు ఎవర్నీ అడక్కుండా పైకొచ్చిందని మా పొట్టిబాబు బావతో సహా ఊరందరికీ చెప్పుకున్నాను. “నాకు రాదు” అని నువ్వే చాటింపు వేసుకుంటే ఆఫీసులో వాళ్లెందుకు వింటారు? వచ్చే శనివారం నుంచి మానెయ్యి. పరువు తియ్యకు.

తాత

•

తాతా,

మాననుగాక మానను. నువ్వు బెల్లం వండి పెనం దించేముందు పొట్టిబాబు తాతని ఎందుకు కేకేస్తావు? పాకం నీళ్లలో వేసి, ఉండ కట్టిందని ఆయనా అన్నాకే కదా దించుతావు. నీకు రాకనా?

మొన్న మీటింగులో నా మాటకి అడ్డొస్తే, “నేను ఇంకా ముగించలేదు” అన్నాను. అక్క ఇంట్లో పలికి పలికి అలవాటు చేసుకున్న మాట. చివరికి నా పద్ధతే ఒప్పుకున్నారు. రాజీనామా చింపేశాను.

మొండిదే అయినా నీదే,
పావని

•

అమ్మలూ,

ఇన్నాళ్లూ ఎందుకు రాయలేదని అడక్కు. పాకం సంగతి ఎత్తావని ఒళ్లు మండి, ఈసారి పొట్టిబాబుని పిలవకుండానే పెనం దించాను. బెల్లం జావైంది. మార్కెట్లో నా దిమ్మలు కారుతుంటే చూసి నవ్వనివాడు లేడు.

సాయంత్రం పొట్టిబాబు వచ్చాడు. వీడూ నవ్వడానికే అనుకున్నాను. కాదు. వాడి మనవరాలు సుప్రియ అచ్యుతాపురం కంపెనీలో కంప్యూటర్ పనికి చేరింది కదా, ఇప్పుడు కంపెనీ బస్సు ఎక్కనని మూల కూర్చుందట. అక్కడ అదొక్కర్తే ఆడపిల్లట, ఏదైనా అడిగితే నవ్వుతారట.

“బావా, నీ మనవరాలు ఎవర్నీ అడక్కుండా నెగ్గుకొచ్చిందన్నావు. అదెలాగో మా గుంటకి సెప్పమను” అన్నాడు.

ఏటి చెప్పను, నా తలకాయ? నేను కోసిన కోతలే అవి.

“అడిగే నెగ్గింది బావా” అన్నాను.

నాతో వాదన పెట్టుకోకు. ఈ శనివారం సుప్రియకి ఫోను చెయ్యి. ఇకనుంచి దానికి నువ్వే మెంటలు. నూకాలమ్మకి కోడి మొక్కు ఎలాగూ తీర్చాలి, నువ్వు వచ్చేటప్పుడు ఆ పెద్ద మెంటలమ్మని కూడా తీసుకురా.

పెనం పొయ్యి మీదుంది, పొట్టిబాబుని కేకెయ్యాలి. ఉంటాను.

మీ తాత
బంగారయ్య