తోక ఉన్న సంతకం

జూన్ 4

డాక్టరు డైరీ రాయమన్నాడు. చేతికి ఎక్సర్‌సైజ్ అట. ఏం రాయాలో మాత్రం చెప్పలేదు. ఇరవై ఆరేళ్ళు అందరి షాపుల బోర్డులూ రాశాను గానీ నా గురించి ఒక్క ముక్క రాసుకున్న పాపాన పోలేదు.

కుడిచేయి వణుకు. నరాల జబ్బు. తగ్గేది కాదట. మాత్ర వేసుకున్న అరగంటకి చేయి నిలబడుతుంది, ఓ గంట ఉంటుంది, మళ్ళీ మామూలే. నిచ్చెన ఎక్కొద్దన్నాడు. నిచ్చెన ఎక్కకుండా బోర్డు ఎలా రాయాలో ఆయనకేమైనా తెలుసేమో.

జూన్ 11

బ్యాంకు నుంచి రెండో నోటీసు. నాలుగు వాయిదాలు ఎగ్గొట్టానట. ఎగ్గొట్టడం ఏమిటి, డబ్బు లేక కట్టలేదు. సెప్టెంబరు ఆఖరు దాకా గడువు. ఆ తర్వాత ఇల్లు వేలం.

ఉన్నది రెండు గదులు. ముందుగదిలో నేను, వెనకగదిలో అక్క. అక్క హాస్పిటల్ క్యాంటీన్‌లో టోకెన్లు ఇస్తుంది. ఆ జీతం తిండికీ నా మందులకీ చాలు, అంతే. నోటీసు చదివి మడిచి పక్కన పెట్టింది. గిన్నెలు తోమింది. తోమినవే మళ్ళీ తోమింది.

జూన్ 15

క్యాంటీన్‌కి వచ్చే నర్సు అక్కకి చెప్పిందట, సహాయనిధి ఒకటి ఉందని. జబ్బు చేసి పని మానేసిన వాళ్ళ ఇంటి వాయిదాలు ఏడాదిపాటు వాళ్ళే కడతారట. వెళ్ళాను. ఒకటో కౌంటర్ రెండుకి పొమ్మంది. రెండు, ముందు బాకీ ఎంతో బ్యాంకు లెటర్ తెమ్మంది. బ్యాంకు, రేపు రమ్మంది.

జూన్ 16

లెటర్ ఇవ్వలేదు. సంతకం ట్యాలీ కాలేదట.

లోన్ తీసుకున్న రోజు పెట్టిన సంతకం క్లర్కు స్క్రీన్ మీద చూపించాడు. మొదటి అక్షరం గొడుగులా విచ్చుకుని, చివర తోక కిందికి దిగి, వెనక్కి తిరిగి, పేరు మొత్తాన్ని చుట్టొచ్చింది. ఆ తోక కింద రెండు చుక్కలు. అప్పట్లో కుర్రతనం, పైగా ఆర్టిస్టునన్న పొగరు. ఇప్పుడు పెట్టింది చూస్తే కోడి కెలికినట్టుంది.

వేలిముద్రకి మార్చుకోవచ్చన్నాడు క్లర్కు. ఇద్దరు సాక్షులు చాలట. నేనేమన్నా వేలిముద్రగాణ్ణా అని అడిగాను. తల దించుకుని స్టాంపులు సర్దుకున్నాడు. పాపం, అతనేం చేశాడు.

జూన్ 17

రెండొందల పేజీల నోట్‌బుక్ కొన్నాను. ప్రాక్టీస్.

జూలై 9

రోజూ పేజీకి పది సంతకాలు. పక్కన టైమ్ వేస్తున్నాను. పనివాడి అలవాటు, రంగు ఎప్పుడు వేశామో రాసుకోకపోతే ఎప్పుడు ఆరిందో తెలీదు. మాత్ర వేసుకున్న అరగంటకి ఒకటీ అరా కుదురుతున్నాయి. గంటన్నర దాటితే తోక ఎటో పోతోంది.

అక్కకి చెప్పలేదు. నోట్‌బుక్ పరుపు కింద పెడుతున్నాను. ఏదో తప్పుపని చేస్తున్నట్టుంది. నా సంతకాన్ని నేనే దొంగసంతకం పెడుతున్నట్టు.

జూలై 22

కుదిరింది! మాత్ర వేసుకుని, బ్యాంకు బయట బెంచీ మీద అరగంట కూర్చుని లోపలికెళ్ళాను. తోక, చుక్కలు, అన్నీ. క్లర్కు లెటర్ ఇచ్చేశాడు. ఇంటికొచ్చి మూడుపూటల అన్నం ఒకేసారి తిన్నాను.

ఆగస్టు 5

సహాయనిధి నుంచి ఫోన్. పన్నెండో తేదీ పదకొండింటికి అక్కడి మేడం ఒకావిడ ఇంటికొచ్చి నన్ను చూస్తుంది. ఫారం మీద ఆవిడ ఎదురుగానే సంతకం పెట్టాలి. బ్యాంకులో పెట్టినట్టే ఉండాలి.

ఆగస్టు 12, ఉదయం 10:25

మాత్ర వేసుకున్నాను. గడ్డం గీసుకున్నాను. అక్క సెలవు పెట్టి ఇల్లంతా తుడిచింది.

ఆగస్టు 12, మధ్యాహ్నం

బ్రహ్మాండం. మేడం మంచి మనిషి. నా సంతకం చూసి కళ్ళజోడు సర్దుకుంది, ఇంత అందమైన సంతకం చూడలేదంది. ఏం పని చేసేవారని అడిగింది. ఇక ఆగుతానా? బ్రష్ తీసి, అట్టముక్క మీద స్కేలు లేకుండా ఈ చివర నుంచి ఆ చివరకి ఒక్క గీత గీశాను. దారం పట్టినట్టు వచ్చింది. కస్టమర్ ముందు చేయి వణకకూడదు, గురువు నేర్పిన మొదటి మాట అదే. మేడం ఏదో రాసుకుంది. అక్క గుమ్మంలో నిలబడి నన్నే చూస్తోంది. ఎందుకో నవ్వలేదు.

ఆగస్టు 24

దరఖాస్తు తిరస్కరించారు. "కుడిచేయి చక్కగా పనిచేస్తున్నది."

ఆగస్టు 25

నాకేమీ అర్థం కావడం లేదు. చేయి పనిచేస్తే సాయం రాదు. పనిచేయకపోతే సంతకం కుదరదు. సంతకం లేకపోతే సాయం రాదు. పొద్దుట్నుంచి ఈ మూడు వాక్యాల్నీ ఇటునుంచి అటూ అటునుంచి ఇటూ చదువుతున్నాను. తప్పు ఎక్కడుంది? వాళ్ళలోనా, నాలోనా?

ఆ గీత గీయకపోతే ఏం పోయేది?

ఆగస్టు 27

అక్క పరుపు ఎండేసింది. నోట్‌బుక్ దొరికింది. తిడుతుందనుకున్నాను. మంచం మీద కూర్చుని పేజీలన్నీ తిప్పింది. బడిలో కూడా నువ్వింత హోమ్‌వర్క్ చేయలేదురా అంది. తర్వాత కొంగుతో ముఖం తుడుచుకుంది. అప్పీలు చేద్దాం, ఈ పుస్తకం కూడా తీసుకెళ్దాం అంది. ఒక షరతు. ఆ రోజు నేను మాత్ర వేసుకోకూడదు.

కుదరదన్నాను. అందరి ముందూ అలా ఊగుతూ కూర్చోమంటావా అని అరిచాను. అక్క అరవలేదు. "ఇల్లు పోతే ఆ పొగరు ఎక్కడ పెట్టుకుంటావు?" అంది.

సెప్టెంబరు 3

ఇంకా తేల్చుకోలేదు. మాత్ర లేకుండా వెళ్తే నాటకం ఆడినట్టా? వేసుకుని వెళ్తే నాటకం ఆడినట్టా? అసలు నేను ఏ గంటలో మనిషిని?

సెప్టెంబరు 10

వేసుకోలేదు.

అప్పీలు వినడానికి ముగ్గురు కూర్చున్నారు. అందులో కళ్ళజోడు మేడం ఒకరు. గీత గీయమన్నారు. అట్ట మీద మొదలైన గీత టేబుల్ మీదికి పోయింది, అక్కడి నుంచి మేడం ఫైలు మీదికి. బ్రష్ కింద పడింది. వంగి తీసుకోవడానికి మూడుసార్లు ప్రయత్నించాను. ఎవరూ సాయం చేయలేదు. చేయకూడదేమో. ఏడ్చాను. దాచడమెందుకు, బాగా ఏడ్చాను.

మేడం నోట్‌బుక్ మొదటి పేజీ నుంచి చూసింది. టైములన్నీ వేలితో పట్టుకుని చదివింది. మధ్యలో ఆగింది.

"ఇన్ని సంతకాలు ఎందుకు పెట్టారండీ?"

"ఒకటి కుదరాలని."

మళ్ళీ పేజీలు తిప్పింది. ఆ పుస్తకం తన దగ్గరే ఉంచుకుంటానంది. సాయం వస్తుందో రాదో చెప్పలేదు. దారిలో అక్క నా చేయి పట్టుకునే నడిచింది. నా వణుకుకి తన చేయి కూడా ఊగింది.

సెప్టెంబరు 21

ఏమీ లేదు. పోస్ట్‌మాన్ పక్కింటికి వచ్చి వెళ్ళాడు.

సెప్టెంబరు 26

మంజూరు. ఏడాదికి. తర్వాత సంగతి తర్వాత.

బ్యాంకులో కాగితాల మీద వేలిముద్ర వేశాను. క్లర్కూ అక్కా సాక్షులు. సిరా ఆరేదాకా దాన్నే చూశాను. ఒంపు మీద ఒంపు, అన్నీ సమానం. ఒక్క గీత వణకలేదు. ఎవరు రాశారో గానీ, మంచి చేయి.